గోడమ్మ పీపా

మా ముత్తాత వెంకట నరసింహారావు దేశముఖ్. ఏడు ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగా నిజాం ఖజానాకు వెళ్ళేది. ఆయన పల్లకి వస్తోందంటే ఎదురొచ్చే బండ్లు తోవ దిగి చేలో నిలబడేవి. మా తాత రంగారావు దేశముఖ్ నాటికి పల్లకి మోసే బోయీలు తగ్గారు గానీ మీసం తగ్గలేదు. మా నాన్న మాధవరావు నాటికి దేశముఖీ పోయింది, కౌలుదారుల చట్టంలో పొలాలు పోయాయి, మిగిలినవాటిని వకీళ్ళు తిన్నారు. ఆయన మాత్రం ఆఖరి రోజు దాకా నిటారుగానే నడిచారు. నా వంతుకు వచ్చినవి ఆ నడక, రుద్రారం అవతల మా ఊళ్ళో సగం కూలిన గడీ, ఊరి చివర మూడెకరాల మామిడి తోపు.

గడీలోని సామాను ఒక్కొక్కటే గడప దాటింది. గాజు దీపాల గుత్తి పోయింది. పల్లకికి ఉన్న వెండి పొన్నులు పోయాయి. టేకు తలుపులు పోయాయి. ఇంతమంది కొనేవాళ్ళు వచ్చినా ఎవరూ ముట్టుకోనిది ఒక్కటే, సామాన్ల కొట్టులో ఉన్న పెద్ద కొయ్య పీపా. దాని ఒక పక్కకు మనిషి దూరేంత బొక్క ఉండేది. "కడుపుకు బొక్క ఉన్న పీపాల ఏం పోసుకోవాలె దొరసానీ?" అని వచ్చినవాళ్ళు తెర చాటునున్న అమ్మను అడిగి, నవ్వి వెళ్ళిపోయేవారు. అమ్మ అందులో పాత పరుపులు కుక్కేది.

అరవైల్లో నేను సర్కారు నౌకరీలో చేరాను. పాత కట్టడాలను చూసుకునే శాఖ మాది. కూలిన కోటలు, మసీదులు, బావులు, సమాధులు కొలిచి, నక్షా గీసి, చరిత్ర రాసి, దేన్ని నిలబెట్టాలో దేన్ని వదిలేయాలో పైవాళ్ళకు చెప్పడం నా పని. "కూలిన ఇంటివానికి కూలిన గోడల కొలువు. జోడు మంచిగ కుదిరింది" అని అమ్మ పడీపడీ నవ్వింది. దేశముఖ్ మనవడు జీతానికి పోతున్నాడని ఊరంతా చెవులు కొరుక్కుంటున్నప్పుడు ఆ నవ్వే నాకు గొడుగయింది.

ఇప్పుడు ఈ పనిలో చేరే పిల్లలు నా దగ్గరికి వచ్చి, ఉద్యోగం ఎట్లా చేశారు అని అడుగుతారు. ప్రమోషన్ల సంగతి చెప్పను. అవి ఎట్లా వస్తాయో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఒక్క గోడ సంగతి చెబుతాను. ఈ పనిలో ఉన్న ఆనందమంతా నాకు ఆ గోడ దగ్గరే దొరికింది. తలచుకుంటే ఈ వయసులోనూ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

హమీద్ సాబ్ పాఠం

నా మొదటి అధికారి హమీద్ సాబ్. నిజాం కాలంలో నక్షాలు గీసే పనిలో చేరి తల నెరిసిన మనిషి. నేను మొదటి రోజు సంగారెడ్డి దగ్గర బాటసారులు దిగే ఒక పాడుబడిన సరాయిని కొలుస్తూ, గోడకు ఆనుకొని టేపు చదువుతున్నాను. ఆయన నా భుజం పట్టి పక్కకు లాగారు. నా వీపు ఆనిన చోట రాళ్ళ సందులోంచి నల్ల తేలు ఒకటి తీరిగ్గా బయటికి వచ్చింది.

"మియా, దీవార్‌కు వీపు చూపియ్యద్దు" అన్నారు ఆయన. "తేలు కోసం గాదు. తేలు కుడితె బుద్ధి, ఇగురం వస్తది, మంచిదే. నువ్వు చూడని గోడను రేపు దఫ్తర్ల కూసొని కల్పించి రాస్తవు. అదీ ఖత్రా."

ఈ పనికి ఇంతకు మించిన సూత్రం నేను వినలేదు. గోడను చూడాలి. అలిసిపోయేదాకా చూడాలి. ముఖ్యంగా మనుషుల చేతులు తగిలి ఎక్కడ అరిగిందో చూడాలి. కట్టినవాడు ఏమనుకున్నాడో పుస్తకాల్లో దొరకవచ్చు. వాడుకున్నవాళ్ళు ఏం చేశారో ఆ నునుపులోనే ఉంటుంది.

నాకు ఈ పాఠం పట్టుబడటం కష్టం కాలేదు. మా వంశంలో ఎవరూ ఎవరికీ వీపు చూపలేదని వింటూ పెరిగినవాణ్ణి నేను.

మల్లమ్మ తిట్లు

మా మామిడి తోపు పక్కనే ఒక ఎత్తు గడ్డ. దాని మీద ఒక శిథిలం. చుట్టూ నిలువెత్తు ప్రహరీ, లోపల వరసగా చిన్న చిన్న గదులు, కప్పులేని ప్రార్థనశాల, రాతి బావి, ఒక మూల పేర్లు లేని సమాధి రాళ్ళు. ఇది మా ముత్తాత తెల్ల సన్యాసులకు దానమిచ్చిన భూమి అని మా ఇంట్లో అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. ఎవరా సన్యాసులు, ఎక్కడికి పోయారు అని అడిగితే నాన్న మీసం దువ్వుకొని మాట మార్చేవారు.

ఊరికి మాత్రం సన్యాసులతో పని లేదు. ముందరి గోడలో కిటికీ లేదు, గవాక్షం లేదు. నడుమ ఒక్క లోతైన గూడు ఉంది. ఊళ్ళోవాళ్ళకు ఆ గూడే గోడమ్మ. బొమ్మ లేదు, పసుపు కుంకుమ లేదు, బలి లేదు. పూజ తీరే వేరు. పెళ్ళయినా, పురుడయినా, కొత్త కల్లు దించినా ఒక చెంబులో పెరుగో కల్లో తెచ్చి గూట్లో పెడతారు. గులకరాయితో గోడను మూడుసార్లు కొడతారు. తరువాత అందరూ గోడకు వీపు పెట్టి నిలబడి ఒక పాట పాడతారు. పాట అయినాక తిరిగి, పెట్టిన చెంబునే ప్రసాదమని తీసుకొని పోతారు. పెట్టిన పెరుగే, పుల్లబడకముందే వాపసు. ఇంత లాభసాటి దేవత జిల్లాలో మరొకరు లేరు.

డెబ్భైల మొదట్లో ఆ కట్టడం సంగతి రాసి పంపమని నాకు ఆజ్ఞ వచ్చింది. నేను టేపు పట్టుకొని వెళ్ళేసరికి కల్లుగీసే వాళ్ళింటి పెద్ద ముసలమ్మ మల్లమ్మ చెంబు పెట్టి, మందిని నిలబెట్టింది. అందరూ వీపులు తిప్పారు. నేను హమీద్ సాబ్ శిష్యుణ్ణి. గూటినే చూస్తూ నిలబడ్డాను.

పాట సగంలో ఆగిపోయింది.

"దొరా, గట్ల గుడ్లప్పగించి సూడద్దు. ఎనకకు తిరుగుండ్రి."

"నేను కొలుచుకోవడానికి వచ్చాను మల్లమ్మా."

"మీ తాత పొలాలు కొలిచిండు, మీ నాయిన కోర్టు మెట్లు కొలిచిండు. ఇగ గోడమ్మ నడుము గూడ మీరే కొలుస్తరా?"

మంది ఘొల్లుమన్నారు. నేను కదలలేదు. మల్లమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగి నా వీపును ఎగాదిగా చూసింది. "ఈ ఈపు వంగది, తిరుగది. ఎండిన తాటి మొద్దు. పాడుండ్రే!" అని పాట మళ్ళీ ఎత్తుకుంది.

ఆ రోజు నేను రాసుకున్నది ఒక్కటే. గూటి గడప రాయి చేతులు తగిలి అద్దంలా మెరుస్తోంది. కానీ ఆ మెరుపు గూటి వెనక గోడ దాకా పోయి, అక్కడ కట్టిన ఇటుకల కిందికి కూడా పోతోంది. అంటే ఆ ఇటుకలు తరువాతివి. ఒకప్పుడు అది గూడు కాదు, దారి.

డిప్యూటీగారి మందుగుండు

అదే సమయంలో గడ్డకు అవతల ఒక రసాయనాల ఫ్యాక్టరీ లేస్తోంది. పటాన్‌చెరు చుట్టూ అప్పుడు భూమి నిద్ర లేచినట్టుండేది. జొన్న చేలల్లో ఇనుప స్తంభాలు మొలిచేవి. ఆ ఫ్యాక్టరీ కట్టించే మేనేజరు ఖాన్ సాబ్ లావుపాటి, నవ్వుముఖపు మనిషి. జీపు దిగగానే నాకు చాయ్ తాగించి విషయం చెప్పాడు.

"రావ్ సాబ్, నేను సీదా మనిషిని. పెద్ద సడక్ నుంచి ఫ్యాక్టరీకి లారీల తోవ కావాలె. నక్షాల మీ దీవార్ అడ్డమొచ్చింది. మీ పెద్ద సాబ్ పనికిరానిదని దస్కత్ పెడితె పడగొడత. పెట్టకుంటె ఆగుత. ఏదైనా జల్దీ చెప్పుండ్రి."

పెద్ద సాబ్ అంటే మా డిప్యూటీ డైరెక్టరు విశ్వనాథంగారు. బందరు వైపు మనిషి. పొట్టిగా, చురుగ్గా ఉండేవారు. ఎంత ఎండలోనైనా నల్ల కోటు విప్పరు. గొప్ప చదువరి. ఆయనలో లోపం ఒక్కటే, గోడను చూడకముందే దాని చరిత్ర ఆయనకు తెలిసిపోయేది.

"ఏమండీ రావుగారూ, గోడకు కిటికీ లేదంటే ఏమిటండీ అర్థం? నిప్పురవ్వ లోపల పడకూడదని! ఇది మందుగుండు కొట్టు. ఇటువంటివి వందలున్నాయి. పడగొట్టినా ఫరవాలేదు."

"లోపల ప్రార్థనశాల ఉంది సార్."

"సైనికులు ప్రార్థన చేసుకోరటండీ?"

పిల్లలూ, అధికారితో మంది ముందు వాదించకండి. ఓడితే పరువు పోతుంది, గెలిస్తే ఉద్యోగం పోతుంది. "తమరు ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది" అన్నాను. వచ్చే నెల వస్తానన్నారు.

ఆ సంగతి ఊళ్ళో పాకింది. మల్లమ్మ మా గడీ దాకా వచ్చి అరుగు మీద కూలబడింది. ఆ రోజు తిట్లు లేవు. "మా యాదమ్మ పెండ్లి మామిండ్లు పండే నెలల పెట్టుకున్నం దొరా. గోడమ్మకు సెంబు పెట్టకుంట మా ఊరి పిల్ల ఎవ్వతీ అత్తగారింటికి పోలె. నేను పెట్టిన, నా బిడ్డ పెట్టింది. నా మనుమరాలి సెంబు దాకన్న గోడ ఉంటదా?"

ఉంటుందని మాట ఇచ్చాను. దేశముఖుల మాట. దాన్ని ఎట్లా నిలబెట్టుకోవాలో మాత్రం తెలియదు.

పరుపుల పీపా

క్రైస్తవులు కదా అని ముందు మా ఊరి బడి పంతులు ఏసుదాసుగారిని అడిగాను. ఆయన చేతులెత్తేశారు. "మాది వేరే సంఘం సార్. మాలో సన్యాసులు ఉండరు. సికింద్రాబాదులో క్యాథలిక్కులను అడుగుండ్రి."

సికింద్రాబాదులో ఒక ముసలి ఫాదర్ దొరికారు. గుంటూరు వైపు మనిషి. నా నక్షా చూసి, కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశారు.

"వీళ్ళు సన్యాసులు కాదండీ, సన్యాసినులు. గోడ చాటు తల్లులు. ఒకసారి మఠంలో అడుగుపెడితే బయటివాళ్ళ ముఖం చూడరు, తమ ముఖం చూపరు. పాత నిజాం రోజుల్లో కొందరు సముద్రాలు దాటి మీ వైపు వచ్చి ఉన్నారని మా పెద్దలు చెప్పేవారు. జ్వరాలకు మందు కాచి ఊళ్ళకు ఇచ్చేవారట. ఒక మహమ్మారిలో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళను వెనక్కి పిలిపించారు. పేర్లడక్కండి. పేర్లు కూడా గోడ చాటునే ఉంచుకున్నారు."

"ముఖం చూపకుండా మందు ఎట్లా ఇచ్చేవారు ఫాదర్?"

"గోడలో పీపా ఉంటుంది కదండీ! నిలువు పీపా. పైనా కిందా ఇనుప మొల. ఒక పక్క బొక్క. ఇవతలివాళ్ళు బొక్కలో సరుకు పెట్టి, గోడ తట్టి, వెనక్కి తిరుగుతారు. అవతల ఒక తల్లి కూర్చొని పీపాను తిప్పుకుంటుంది. సరుకు తీసుకొని, మందో రొట్టో పెట్టి మళ్ళీ ఇటు తిప్పుతుంది. మనిషి మనిషికి కనిపించడు, పని జరిగిపోతుంది."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఒక పక్క బొక్క! పైనా కిందా ఇనుప మొల! నా చిన్నతనంలో ఆ కింది మొల తగిలి నా మోకాలు చీరుకుపోయింది. ఫాదర్‌కు దండం పెట్టానో లేదో గుర్తు లేదు. బస్సు సంగారెడ్డి రోడ్డు మీద ఎంత నిదానంగా నడిచిందో మాత్రం గుర్తుంది. దిగి తోసుకుంటూ పోదామా అనిపించింది.

మధ్యాహ్నపు ఎండలో గడీలోకి దూసుకుపోయి, కొట్టు తెరిచి పరుపులు బయటికి విసరడం మొదలుపెట్టాను.

"ఏంరా గోపాలా, ఏమైంది? పామొచ్చిందా?" అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"పీపా అమ్మా, పీపా!"

"పీపాల పామా?"

"కాదు! పీపాలో మఠం!"

అమ్మ నా నుదురు మీద చేయి వేసి చూసింది. నేను బొక్కలోంచి లోపలికి దూరి తల పైకెత్తాను. నడుమ సరుకు పెట్టే అడ్డపలక ఉండాల్సిన చోట మేకుల గుర్తులు. పరుపులు పట్టడం లేదని మా నాయనమ్మ ఆ పలకను పీకించిందట. బయటికి వచ్చి బొక్క అంచు మీద చేయి వేశాను. అద్దంలా నున్నగా ఉంది. గూటి గడప రాయి నునుపే అది.

సన్యాసినులు వెళ్ళిపోయాక మా ముత్తాత దీన్ని గడీకి తెప్పించి భద్రపరిచారు. ఎత్తుకొచ్చారని ఊళ్ళో కొందరు అంటారు. భద్రపరిచారని నేను అంటాను. ఎత్తుకొచ్చిన వస్తువైతే ఇన్నాళ్ళలో ఎప్పుడో అమ్ముడుపోయేది.

కోటు ప్రసాదం

డిప్యూటీగారు వచ్చిన రోజుకు అన్నీ సిద్ధం. పీపాను ఎడ్లబండి మీద గడ్డకెక్కించాం. గూటి వెనక ఇటుకలు తీయించాం. వెనకాల చిన్న గది, అందులో గోడకు ఆనించి ఒక రాతి అరుగు. ఆ గది లోపలి వాకిలి కూలిన కప్పు కింద పూడిపోయింది. పీపాను మొలల మీద నిలబెట్టాక లోపలికి దారి దాని కడుపే.

చేత్తో నెట్టాను. ఒక్క మూలుగు. తరువాత, ఎన్ని దశాబ్దాల తరువాతో, పీపా గిర్రున తిరిగింది.

ఊరంతా కేక పెట్టింది. అందరికీ తిప్పాలని ఉంది. చెంబులు తిరిగాయి, తలపాగాలు తిరిగాయి, ఒక కోడిపుంజు లోపలికి పోయి అదే పౌరుషంతో బయటికి వచ్చింది. ఖాన్ సాబ్ తన చాయ్ గ్లాసు పెట్టి తిప్పి, చుక్క తొణకలేదని చప్పట్లు కొట్టాడు. మల్లమ్మ మాత్రం నడుము మీద చేతులు పెట్టుకొని పీపానే చూస్తోంది. "గోడమ్మకు పానమొచ్చింది" అంది మెల్లగా.

డిప్యూటీగారు జీపు దిగి అంతా విన్నారు. అరనిమిషం ఆలోచించారు. ఆయన ముఖం వెలిగింది.

"నేను చెప్పలేదటండీ? మందుగుండే! నిప్పు లోపలికి పోకుండా మందును ఇట్లా పీపాలో పెట్టి తిప్పుతారు. అద్భుతం! ఎంత బరువు మోస్తుందో చూద్దాం, ఉండండి."

నేను వద్దనేలోగా ఆయన కోటుతో సహా బొక్కలో దూరి, మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నారు. మల్లమ్మ క్షణం ఆగలేదు. తిప్పేసింది.

డిప్యూటీ డైరెక్టరుగారు గోడలోకి మాయమయ్యారు.

"రావుగారూ!" గోడలోంచి గొంతు.

"సార్!"

"చీకటండీ!"

"పక్కన అరుగుంది సార్, దిగి కూర్చోండి. పీపా ఇటు తిప్పి టార్చి పెట్టి పంపిస్తాను."

ఆయన దిగారు. మేము పీపా తిప్పబోయాం. సగం తిరిగి బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఖాన్ సాబ్ లారీ గ్రీజు కోసం డ్రైవరును ఉరికించాడు. ఈలోగా లోపల సర్కారు, బయట ఊరు.

మల్లమ్మ మంది వైపు తిరిగింది. "డిప్యూటీ సారును పెట్టినం. పెసాదం ఏమొస్తదో! అందరు ఎనకకు తిరుగుండ్రి. సూస్తుంటె గోడమ్మ తిరుగది."

అందరూ తిరిగారు. ఖాన్ సాబ్ కూడా టోపీ సర్దుకొని తిరిగాడు. నేను ఒక్కణ్ణే గోడను చూస్తూ నిలబడ్డాను. "తాటి మొద్దు" అని మల్లమ్మ గొణిగింది. పాట మొదలైంది.

గ్రీజు వచ్చింది, మొలలకు పట్టించాం. పీపా కదిలింది. మంచినీళ్ళ చెంబు, టార్చి పెట్టి లోపలికి తిప్పాం. తరువాత పీపా తనంతట తాను మా వైపు తిరిగింది. అందులో ఖాళీ చెంబు, పక్కన మడత పెట్టిన నల్ల కోటు. లోపలి ఉక్కకు పాపం ఆయన విప్పి, ముందు కోటు పంపి తరువాత తాను వద్దామనుకున్నారు.

మల్లమ్మ కోటును రెండు చేతులా ఎత్తింది. "గోడమ్మ కోటిచ్చిందిరో! ఇన్నేండ్లకు గోడమ్మ ఇచ్చిందిరో!"

"మల్లమ్మా, అది సార్ కోటు."

"సారుదైతె సారు సేతికిస్తుండె. గోడల నుంచి వచ్చింది పెసాదం. మా పెండ్లికొడుకు తొడుగుతడు."

నేను పీపాను మళ్ళీ అటు తిప్పి, సార్‌ను రమ్మని పిలిచాను. అప్పుడు వినిపించింది, ఇంతకు ముందు లేని మెత్తని గొంతు.

"రావుగారూ, కాపలావాడైతే వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చుంటాడండీ. ఈ అరుగు అట్లా లేదు. ఇక్కడ కూర్చుంటే చెవి సరిగ్గా పీపాకు ఆనుతోంది. మోచేయి పెట్టే చోట రాయి అరిగి గుంటపడింది. నా మోచేయి దాంట్లో కూర్చుంది. బయట ముసలమ్మ ఏం తిడుతోందో ఒక్కొక్క మాటా వినిపిస్తోంది." ఆగారు. "ఎవరో ఇక్కడ కూర్చొని మీ ఊరిని వింటూ బతికారండీ."

బయటికి వచ్చినప్పుడు ఆయన తల నిండా బూజు, చొక్కా నిండా గ్రీజు. ముఖంలో మాత్రం పెళ్ళికొడుకు కళ. మందుగుండు మాట మళ్ళీ ఎత్తలేదు. కోటు సంగతీ ఎత్తలేదు. జీపు బానెట్ మీదే కాగితం పెట్టుకొని, ఈ గోడను తాకరాదని రాసి సంతకం చేశారు. తనది తప్పని మంది ముందు సంతకం పెట్టి ఒప్పుకున్న అధికారిని నా ఉద్యోగంలో ఆయన్ను ఒక్కరినే చూశాను. అట్లాంటివాళ్ళు దొరికితే కాళ్ళకు దండం పెట్టండి.

లారీల తోవ

ఖాన్ సాబ్ కాగితం చదివి జేబులో పెట్టుకున్నాడు. "ముబారక్ రావ్ సాబ్. దీవార్ మీది. మరి నా లారీలు ఎగిరి పోవాల్నా? ఎడమ దిక్కు కుంట, కుడి దిక్కు మీ తోపు. తోవ చూపకుంటె నేను పైకి రాస్త, పైనోళ్ళు ఈ కాగితం కొట్టేస్తరు. దోస్తీతోనే చెప్తున్న."

మా ఏడూళ్ళలో మిగిలిన ఆఖరి చెట్లు అవి. నేను ఇంటికి వచ్చి ఏమీ చెప్పకుండా భోజనానికి కూర్చున్నాను. అమ్మకు అప్పటికే తెలుసు. ఊళ్ళో వార్తలకు ఆమె దగ్గరికి రావడానికి తలుపులు అక్కరలేదు. కాపురానికి వచ్చింది మొదలు ఘోషాలో గడిపిన మనిషి. తెరలు కట్టిన బండిలో తప్ప గడప దాటలేదు. చెవులతోనే ఊరిని ఏలిన మనిషి.

"మీ ముత్తాత ఆ గోడ కాడికి పోయిన ముచ్చట నీకు మగోళ్ళు చెప్పలేదు గదా?" అంది వడ్డిస్తూ. "మీ తాత పసిపిల్లగాడప్పుడు జరంతోని కండ్లు తేలేసిండంట. ముత్తాత పల్లకి దిగి గోడ ముంగట నిలవడ్డడు. భూమి ఇచ్చినోన్ని, ముఖం చూపుమన్నడు. లోపట్నుంచి ఒక్కటే మాట, ఎనకకు తిరుగుమని. ఏడూళ్ళ దొర, పల్లకి మోసినోళ్ళు చూస్తుండంగ, గోడకు వీపు పెట్టి నిలవడ్డడు. పీపా తిరిగింది, మందొచ్చింది. మీ తాత బతికిండు."

ఇది నాన్న ఎన్నడూ చెప్పలేదేమని అడిగాను.

"మగోళ్ళు చెప్పుకోలె, ఆడోళ్ళం మరువలె" అని అమ్మ నవ్వింది. "వీపు చూపిండు గనుకనే నువ్వున్నవ్, నీ పొగరున్నది. తోపు ఇచ్చెయ్. ఈ యేటి కాయ మాత్రం నాది."

యాదమ్మ పెళ్ళి నాటికి లోపలి వాకిలి మట్టి తీయించాం. చెంబు పెట్టే వేళకు పెళ్ళికొడుకు నల్ల కోటులో చెమటలు కక్కుతున్నాడు. డిప్యూటీగారు తెల్ల చొక్కాలో వచ్చి ఆ కోటు కాలరు సర్దుతున్నారు. ఖాన్ సాబ్ జీపు హారన్‌తో బ్యాండుకు తాళం వేస్తున్నాడు. యాదమ్మ పీపాలో పెరుగు చెంబు పెట్టింది. గులకరాయితో మూడు దెబ్బలు కొట్టింది. ఊరు ఊరంతా వెనక్కి తిరిగింది.

మల్లమ్మ నన్నే చూస్తోంది. నేను తిరిగాను. హమీద్ సాబ్ క్షమించాలి, ఆయన పాఠం విన్నాక నేను గోడకు వీపు చూపింది ఆ ఒక్కసారే. "తాటి మొద్దు తిరిగిందే!" అని ఆడవాళ్ళు కిలకిలా నవ్వుతూ పాట అందుకున్నారు. నేనూ పాడాను. శ్రుతి లేదు, మాటలు రావు. పాడాను.

వెనక పీపా మూలిగి తిరిగింది.

తిరిగి చూస్తే చెంబు లేదు. పీపా నిండా మా తోపు మామిడిపళ్ళు, బంగారంలా, అంచుల మీంచి దొర్లుతూ. లోపల అరుగు మీద ఎవరు కూర్చున్నారో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెరల బండి గోడ వెనక నిలబడి ఉంది. మల్లమ్మ ఒక పండు తీసి వాసన చూసి, గోడ దగ్గరికి పోయి చెవి ఆనించింది. లోపలి నుంచి గాజుల చప్పుడు వినిపించి ఉంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూ, అందరికీ పళ్ళు పంచింది.

ఆ కాయ దిగినాక మూడెకరాల తోపు ఫ్యాక్టరీ తోవకు అమ్మాము.